ఈగల మాస్టారు

ఈగల మాస్టారు మంగళవారం పొద్దున్నే పోయారు. మధ్యాహ్నం పన్నెండైనా తాల్‌బగీచాలో వాళ్ళ ఇంటి ముందు నుంచి శవం లేవలేదు. ఒక్కగానొక్క కొడుకు సూర్రావు అదే ఊళ్ళో, పూరీ గేట్ దగ్గర క్వార్టర్‌లో ఉంటాడు. సైకిలు మీద వస్తే పావుగంట. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన పెద్దమనుషులు ఇద్దరు వెళ్ళి పిలిచొచ్చారు. "నాను రాను. తలకొరివి మరెవుడి సేతైనా పెట్టించుకోండి" అన్నాడట. తండ్రితో అతనికి పద్నాలుగేళ్ళుగా మాటల్లేవు.

వాకిట్లో ఆడవాళ్ళ మధ్య నేనూ కూర్చున్నాను. మాస్టారి భార్య ఏడుపు ఆపేసి సందు చివరికే చూస్తోంది. ఎవరి సైకిలు బెల్లు మోగినా లేచి నిలబడుతోంది. "కన్ను పోగొట్టిన తండ్రికి ఏ కొడుకు కొరివి పెడతాడమ్మా, ఆడి కడుపు మంట ఆడిది" అని నా పక్కావిడ చెవిలో గుసగుసలాడింది. ఆవిడకి తెలియదు. అసలు సంగతి తెలిసినవాళ్ళు ఆ వాకిట్లో నేనూ, అరుగు మీద కూర్చున్న మా నాన్నా తప్ప ఎవరూ లేరని అనుకున్నాను. మా ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. నా నోట్లో మాత్రం పద్నాలుగేళ్ళు నానింది.

ఈగలేమిటి, మాస్టారేమిటి అని మీరడుగుతారు. చెప్తాను.

ఆయన చదువుకుని మాస్టారైన మనిషి కాదు. వర్క్‌షాపులో ఆవిరి సుత్తి దగ్గర పనిచేసేవారు. ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ ఆ సుత్తి కిందే పోయాయి. ఇక షాపు పనికి పనికిరాడని డాక్టరు రాసేశాడు. రైల్వేలో అలాంటివాళ్ళని ఇంటికి పంపరు, ఏదో ఒక తేలికపనిలో పడేస్తారు. ఈయన్ని మా రైల్వే స్కూల్లో పడేశారు, క్రాఫ్ట్ పీరియడ్ చూసుకోమని, అదీ టెంపరరీగా. స్కూల్లో చూస్తే రంపం లేదు, ఉలి లేదు, ఉన్న రెండు బల్లల్లో ఒకదానికి కాలు లేదు. ఈయన దగ్గర మాత్రం ఒక రేకుపెట్టె ఉంది. పూర్వం షాపులో ఒక ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ ఉండేవాడట. ఆదివారమొస్తే కసాయి నది ఒడ్డునే కాపురం. ఈయన చేత సామాను మోయిస్తూ మోయిస్తూ తన విద్యంతా నేర్పేశాడు. దేశం విడిచి పోతూ గాలపు కర్రనీ ఆ పెట్టెనీ ఈయన చేతిలో పెట్టాడు.

ఆ విద్య ఇదీ. గాలానికి వానపామూ పిండిముద్దా గుచ్చరు. చిన్న ముల్లు తీసుకుని, దాని ఒంటికి పట్టుదారం చుట్టి, కోడి మెడ ఈకని రెక్కల్లాగా కట్టి, అచ్చం ఈగలాగా తయారు చేస్తారు. అది నీటి మీద వాలితే చేప నిజం ఈగే అనుకుని అందుకుంటుంది. క్రాఫ్ట్ పీరియడ్‌లో ఈయన మాకు నేర్పింది అదే. చేపల పిచ్చి ఉన్న పాత సాహెబు ఒకడు ముచ్చటపడి సంతకం పెట్టేశాడు. మా ఊరు బెంగాల్లో ఉంది కదా, బెంగాలీ పిల్లల తండ్రులు గేటు దగ్గర ఆపి వేళాకోళం చేసేవారు. "మాస్టర్ మోశాయ్, ఈకలు తినే చేప ఏ దేశంలో ఉందండీ?" అని. చీమల గుడ్లు ఎరవేసి చేపలు పట్టడంలో పుట్టి పెరిగినవాళ్ళు వాళ్ళు. ఈయన, "ఆకలున్న సేప ఏటైనా తింటాది దాదా, మనలాగే" అనేసి ముందుకు సాగిపోయేవారు.

రెండు వేళ్ళు లేని చేత్తో ఈక నిలవదు. అందుకని ఈకని పెదాల మధ్య పట్టుకుని కట్టేవారు. క్లాసులో ఆయన మాటలన్నీ పళ్ళ సందులోంచి, ఈక మీదుగా వచ్చేవి. "దారం బిగువు ఒదలకండి గుంటల్లారా. ఒదిల్తే ఈగ ఇప్పుకుని పోద్ది" అంటుంటే ఈక ఊగేది. మేం బల్ల కింద తల దూర్చి నవ్వుకునేవాళ్ళం. ఆయనకి తెలుసు, ఏమీ అనేవారు కాదు. ఈగ మాత్రం బాగా లేకపోతే బొటనవేలి గోటితో ఒక్క గీరు గీరి దారమంతా ఊడదీసేవారు. గంటసేపు కట్టింది ఒక్క క్షణంలో పోయేది. ఏడిచినవాళ్ళున్నారు. బాగా ఉంటే టీ గ్లాసులో నీళ్ళు పోసి దాన్ని వదిలేవారు. తేలితే "బతికినాది" అనేవారు. అదే మాకు మార్కులు.

ఈకల కోసం ఇంట్లో ఒక ఎర్రపుంజును పెంచారు. దాని మెడ మీద ఒక్క ఈక ఉండేది కాదు పాపం. క్వార్టర్స్ మధ్య బోడిమెడ వేసుకుని రాజాలా తిరిగేది. వాళ్ళావిడ పండక్కి, "దాన్ని కోసీండి, పిల్లడికి కూర ఒండుతాను" అని బతిమాలితే, "అది కోడి కాదే, నా స్టోర్సు డిపార్టుమెంటు" అనేవారు. ఆ పుంజు ముసలిదై తనంతట తనే చచ్చింది. కూర మాత్రం కాలేదు.

మేం ఆడపిల్లలం ముగ్గురం. ఎంబ్రాయిడరీ టీచరు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే మమ్మల్ని కూడా ఈయనకే అప్పజెప్పారు. సూది పట్టిన వేళ్ళు కదా, ఈగ కట్టడంలో మగపిల్లలు మా దరిదాపుల్లోకి రాలేకపోయారు. "ఈ పాప సేతిలో దారం మాటింటాది" అని నన్ను చూపించి ఒకసారి క్లాసంతటికీ చెప్పారు. ఇంట్లో నన్నెవరూ అంతమాట అనలేదు. ఆ రోజు నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు. కానీ కర్ర మాత్రం మా చేతికి రాలేదు. చెరువుగట్టు మీద ఆడపిల్లలు కర్ర ఊపితే బాగుండదని హెడ్‌మాస్టారు ఖచ్చితంగా చెప్పేశారు. మాకు వేరే పని ఇచ్చారు. ఆ పని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఈగకి బరువుండదు. బరువంతా తాడుదే. తాడు మొదట వెనక్కి పూర్తిగా సాగితేనే ఎదరకి దూకుతుంది. అంటే ఎదర పది గజాలు పడాలంటే వెనక పది గజాలు ఖాళీ ఉండాలి. ముల్లు కత్తిలాగా ఉంటుంది. సుత్తి దగ్గర బతికిన మనిషికి ఇదంతా వేరే చెప్పాలా? అక్కడ సుత్తి వదిలేముందు మీట దగ్గర ఉన్నవాడు "హాత్?" అని అరుస్తాడట. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు చూసుకుని "సాఫ్" అంటేనే సుత్తి దిగుతుంది. ఆ కట్టుబాటునే ఈయన చెరువుగట్టుకి తెచ్చారు. కర్ర పట్టినవాడు ప్రతి విసురుకీ "ఎనకాల?" అనాలి. వెనక కాపలా ఉన్న పిల్ల తిరిగి చూసి "ఖాళీ" అనాలి. అప్పుడే విసరాలి. ఆ కాపలా పిల్లలం మేమే.

"మరి మీ వేళ్ళు ఎలా పోయాయి మాస్టారూ?" అని ఒకడు అడిగాడు.

"సాఫ్ అన్నోడు సూడకుండా అన్నాడు."

"ఎవరు?"

"పేరు సెప్తే నా ఏళ్ళు మొలుస్తాయేటిరా? ఆడు మాత్రం సస్తాడు సిగ్గుతో. దారం చుట్టు."

సూర్రావు మా క్లాసే, నాకన్నా ఏడాది పెద్ద. క్లాసులో తండ్రిని అతనూ "మాస్టారూ" అనే పిలవాలి. ఇంటికెళ్ళాక "నాయినా". అతనికి ఇంజన్ డ్రైవరు కావాలని ఉండేది. డ్రైవరు పరీక్షలో ముందు చూసేది కళ్ళు. సూర్రావు స్టేషను ఇవతల నిలబడి అవతలి సిగ్నలు చెప్పేసేవాడు. ఆ సంగతి మాస్టారు దారిన పోయేవాళ్ళని కూడా ఆపి చెప్పేవారు.

తరవాత కొత్త సాహెబు వచ్చాడు. కాయితాలు తిరగేసి, ఈగల పీరియడ్ ఏమిటి, దండగ, తీసెయ్యండి అన్నాడు. హెడ్‌మాస్టారు కాళ్ళావేళ్ళా పడితే, సరే, ఒక శనివారం వస్తాను, నా కళ్ళ ముందు చేప పట్టి చూపిస్తే క్లాసు ఉంటుంది అన్నాడు. క్లాసు ఉంటే మాస్టారు పర్మనెంటవుతారు. లేకపోతే ఏదో పల్లెస్టేషన్లో ప్రయాణికులకి నీళ్ళు పోసే పని. క్వార్టరు ఖాళీ చెయ్యాలి, కొడుకు చదువు ఆగుతుంది. ఆ వారమంతా మాస్టారు క్లాసులో ఒక్క ఈగనీ గోటితో గీరలేదు. అన్నిటినీ గ్లాసులో వేసి చూస్తూ కూర్చున్నారు. మాకు భయం వేసింది.

ఆ శనివారం విసరడానికి అప్పన్న అనే పిల్లాణ్ణి నిలబెట్టారు. అందరికన్నా బాగా విసిరేది సూర్రావే. "నా కొడుకుని పెడితే నా కోసం సేసుకున్నానంటారు" అని మాస్టారు అతన్ని పక్కన పెట్టి, చేప పడితే అందివ్వడానికి చిన్న వల పట్టుకోమన్నారు. అప్పన్న తాడు చివర కట్టింది నా ఈగ. మూడు రోజులు కూర్చుని కట్టాను. నల్లటి ఒళ్ళు, ఎర్ర ఈక, నడుముకి మా అమ్మ పట్టుచీర నుంచి లాగిన జరీపోగు ఒకటి. ఆ జరీ నా సొంత తెలివి. మాస్టారు దాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, "ఇదే" అన్నారు.

ఇంజన్లకి నీళ్ళు తోడే రైల్వే చెరువు అది. గట్టు మీద సాహెబుకి కుర్చీ వేశారు. టీచర్లూ పిల్లలూ నలభైమంది దాకా చేరారు. జీపు డ్రైవరు ఇంజను ఆపకుండా ఉంచాడు, సాహెబు పది నిమిషాల్లో వెళ్ళిపోతాడని. ఆ చప్పుడులో మాస్టారి మాట సరిగ్గా వినపడడం లేదు. మిగతా ఇద్దరాడపిల్లల్ని జనాన్ని ఆపడానికి దూరంగా పెట్టి, కాపలాకి నన్నొక్కదాన్నే నిలబెట్టారు.

మొదటి విసురుకి ఏమీ లేదు. రెండో విసురుకీ లేదు. సాహెబు గడియారం చూసుకున్నాడు. మూడో విసురుకి ఈగ వాలగానే దాని కింద నీళ్ళు కదిలాయి. చేప లేచింది, మూతి ఆనించింది, వదిలేసింది. సాహెబు కుర్చీలో ముందుకి జరిగాడు. మాస్టారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పెదాలు బిగబట్టి నిలబడ్డారు. అప్పన్న కంగారుగా తాడు లేపుతూ "ఎనకాల?" అన్నాడు.

నేను వెనక్కి చూడలేదు. నా కళ్ళు నీటి మీద తిరుగుతున్న ఆ సుడి మీదే ఉన్నాయి. నేను కట్టిన ఈగని చేప నిజం అనుకుంది. పద్నాలుగేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం కావాలి? "ఖాళీ" అన్నాను.

సూర్రావు వల పట్టుకుని తండ్రి దగ్గరికి వస్తున్నాడు. నా వెనక నాలుగడుగుల్లో ఉన్నాడు. తాడు వెనక్కి వెళ్ళి ఎక్కడో తగులుకుంది. తుప్పకి పట్టుకుందనుకుని అప్పన్న గట్టిగా లాగాడు.

సూర్రావు అరవలేదు. "నాయినా" అన్నాడు, ఇంట్లో పిలిచినట్టు.

"ఎవులూ కదలకండి. అప్పన్నా, కర్ర కింద పెట్టీ. లాగకు" అన్నారు మాస్టారు. గొంతు పెరగలేదు. కొడుకు తలని ఎడమచేత్తో ఛాతీకి అదుముకుని తాడుని పళ్ళతో కొరికేశారు. అలాగే అతన్ని ఎత్తుకుని జీపు వైపు నడిచారు. నన్ను దాటి వెళ్తూ ఒక్కసారి నా మొహంలోకి చూశారు. ఖాళీ అన్న గొంతు నాదని ఆయనకి తెలుసు. నాకూ ఆ క్షణంలోనే తెలిసిపోయింది, ఆయనకి తెలుసని. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో ఇన్నేళ్ళూ అనుకున్నాను.

కుడికన్ను దక్కలేదు.

తొమ్మిదో రోజున హెడ్‌మాస్టారి గదిలో ఎంక్వైరీ పెట్టారు. ఖాళీ అన్నది ఎవరు, అదొక్కటే ప్రశ్న. జీపు చప్పుడులో ఆ గొంతు ఎవరిదో జనంలో ఎవరికీ తెలియలేదు. ఆ పొద్దున నేను ఇంట్లో చెప్పేశాను. మా నాన్న ఫిట్టరు. బూట్లు తొడుక్కుంటున్నవారల్లా ఆగారు.

"ఇంకెవులికైనా సెప్పినావా?"

"లేదు."

"ఇంక సెప్పకు. కాయితం మీద నీ పేరెక్కితే మరి సెరగదు. రేపు నిన్ను సూడ్డానికి ఒచ్చినోళ్ళు, పిల్లోడి కన్ను తీసిన పిల్లంట ఇదే అంటారు. నీకు ఎవుడు కడతాడు తాళి?"

"మరి మాస్టారో?"

"ఆయన మగోడు. ఎక్కడైనా బతకతాడు."

నేను హెడ్‌మాస్టారి గదిలోకి వెళ్ళేసరికి బల్ల మీద ఒక కాయితం ఉంది. మాస్టారు ముందే రాసిచ్చేశారు, ఖాళీ అన్నది తనేనని, చూడకుండా అన్నానని. అప్పన్న ఏదో గొంతు వినబడింది, గుర్తులేదు అన్నాడు. అతని తండ్రిదీ మా నాన్న షాపే. ఎంక్వైరీ ఆఫీసరు నన్ను ఒక్కటే అడిగాడు. "మాస్టరు ఖాళీ అన్నాడా?" మాస్టారు గది మూల నిలబడి ఉన్నారు. నా వైపు చూడడం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను "అవునండి" అన్నాను. తిలాపాపం తలాపిడికెడు అంటారు. ఇక్కడ పాపం నాది, పంచుకున్నది ఆయనొక్కరే.

నెల తిరక్కుండా క్లాసు ఎత్తేశారు. ఆయన్ని దూరంగా ఒక చిన్న స్టేషనుకి నీళ్ళు పోసే పనికి వేశారు. వాళ్ళు సామాను సర్దుకుంటున్న రోజుల్లోనే సూర్రావు టీసీ తీసుకోవడానికి స్కూలుకి వచ్చాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వరండాలో నేనొక్కదాన్నే ఉండగా తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"సరోజా, నిజం సెప్పు. ఖాళీ అన్నది నువ్వా?"

"కాదు. మీ నాన్నే" అన్నాను.

ఇంకోసారి అడుగుతాడేమోనని గోడకి ఆనుకుని నిలబడ్డాను. అడగలేదు. తల ఊపి వెళ్ళిపోయాడు. ఊరికే అనుమానపడ్డాడు, గండం గడిచింది అనుకున్నాను. తండ్రితో మాట్లాడడం మానేశాడని తరవాత ఎవరో చెప్పారు. కన్ను పోతే, డ్రైవరు ఉద్యోగం పోతే, కోపం ఉండదా మరి అని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోవడంలో నాకు నేనే సాటి.

ఆరేళ్ళ తరవాత టీచరు ట్రైనింగుకి వెళ్తూ ఆయన్ని చూశాను. ప్యాసింజరు రైలు, రెండు నిమిషాలు ఆగే స్టేషను. మే నెల. బాల్చీ, ముంత పట్టుకుని కిటికీ కిటికీకీ నీళ్ళు పోస్తూ వస్తున్నారు. నేను మొహం తిప్పుకుందామనుకున్నాను, కానీ నాలుక పిడచకట్టుకుపోయింది. దోసిలి చాపాను. సగం పోశాక మొహం చూశారు.

"పాపా. బాగున్నావా? ఈగలు కడతన్నావా?"

"లేదు మాస్టారూ."

"అయ్యో. అలాటి సెయ్యి." ఇంకొంచెం పోశారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "మా సూర్రావు నిన్ను ఎప్పుడైనా ఏటైనా అడిగినాడా?"

గార్డు ఈల వేశాడు. నేను "లేదండి" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. అలవాటైపోయింది కాబోలు. ఆయన మొహంలో ఏదో ఆరిపోయింది. "అడగనేదా" అన్నారు మెల్లిగా, తనలో తనే. "మాస్టారూ, ఆ రోజు నేను..." అన్నాను. రైలు కదిలింది. "సెయ్యి, సెయ్యి లోపలికి తీసుకో పాపా" అంటూ బాల్చీతో రెండడుగులు పక్కన నడిచి ఆగిపోయారు. నేను చెయ్యి లోపలికి తీసుకున్నాను. మాట కూడా.

ఆ తరవాత నాకు పెళ్ళయింది. పెళ్ళి కోసమే కదా నోరు మూయించారు. మా ఆయన మంచివాడే. ఆయనకీ చెప్పలేదు. అదే స్కూల్లో కుట్టుపని టీచరునయ్యాను. మాస్టారు రిటైరై తాల్‌బగీచాలో రెండు గదుల ఇల్లు వేసుకున్నారని తెలిసింది. సూర్రావుకి పార్సిల్ ఆఫీసులో గుమాస్తా పని దొరికిందనీ తెలిసింది. స్కూలు నుంచి వస్తూ తాల్‌బగీచా సందు దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన రోజులు ఎన్నో. లోపలికి అడుగుపెట్టింది ఈ మంగళవారమే.

ఒకటిన్నరకి పురోహితుడు ఇక ఆగలేనన్నాడు. ఎండ మండిపోతోంది. మాస్టారి అన్న మనవడికి, పన్నెండేళ్ళ పిల్లాడికి, తలకొరివి కోసం స్నానం చేయించమన్నారు ఎవరో. మాస్టారి భార్య, "కొడుకు బతికుండగానే?" అని ఒక్క మాట అని చీరచెంగు నోట్లో కుక్కుకుంది. నేను లేచాను. గుమ్మం దగ్గర మా నాన్న నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎక్కడికే?"

"సూర్రావు దగ్గరికి."

"ఇప్పుడా ఊసెందుకు? పోయినోడు పోయినాడు. నీకు సంసారముంది."

"అప్పుడు మీ మాట ఇన్నాను నాన్నా. ఇంక ఇనను." చెయ్యి విడిపించుకుని రిక్షా ఎక్కాను. పూరీ గేట్‌కి పొమ్మన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా పట్టుకోకుండా ఎలా ఉంటాను?

తలుపు సూర్రావు భార్య తీసింది. అతను మంచం మీద బనీనుతో కూర్చుని ఉన్నాడు. పక్కన టీ చల్లారిపోయి మీగడ కట్టి ఉంది. నేనూ మిగతావాళ్ళలాగే బతిమాలడానికి వచ్చాననుకుని, "టీచరుగారూ, ఎంతమందొచ్చినా నాను రాను" అన్నాడు.

"బతిమాలడానికి రాలేదు. ఆ రోజు ఖాళీ అన్నది నేను."

అతను తల తిప్పాడు. చూపున్న కన్ను నా వైపు వచ్చేలా పూర్తిగా తిప్పాడు.

"ఏటి?"

"వెనక్కి చూడకుండా ఖాళీ అన్నది నేను. మీ నాన్న కాదు. ఎంక్వైరీలో అబద్ధం చెప్పాను. నువ్వు వరండాలో అడిగినప్పుడూ అబద్ధమే చెప్పాను."

కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. అతను రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆస్పత్రిలో కట్టు ఇప్పకముందే నాను అడిగినాను, నాయినా, ఖాళీ అన్నది ఎవులు అని. ఆయన సెప్పినాడు. సరోజ అన్నాది, ఆడకూతురు, ఈ ఊసు బయట ఎత్తకు, నా కొడుకువి గనక నీకు అబద్దం సెప్పలేక సెప్తన్నాను అన్నాడు. నమ్మినాను. నీ మీద కోపం కూడా రానేదు. తర్వాత తెలిసింది, ఆఫీసరు కాడ తనే అన్నానని రాసిచ్చినాడని. నాకొకటి సెప్పి ఆడికొకటి రాసినాడు. ఏది నిజమో నాకెలాగ తెలుస్తాది? అందుకే నీ కాడికొచ్చినాను."

"కాదన్నాను."

"కాదన్నావు. అంటే తప్పు తను సేసి, కొడుకు కాడ మాటపడలేక ఆడపిల్ల మీదకి తోసీసినాడు అనుకున్నాను. అంత పిరికోడా మా నాయిన అనుకున్నాను. కన్ను పోయిందని కాదు నాను మాటాడనిది. కన్నుదేటుంది, ఎవులికైనా తగుల్తాది." అతను గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. "ఎన్నిసార్లు వొచ్చినాడో ఆ గుమ్మంలోకి. సూర్రావూ, ఆ పిల్లని ఒక్కసారి అడగరా, అన్నాడు. నాను తలుపేసీసినాను."

స్టేషన్లో దోసిట్లో నీళ్ళు పోస్తూ ఆయన అడిగిన మాట నాకు అప్పుడు అర్థమైంది. "అడిగాడండి, నేనే కాదని అబద్ధమాడాను" అని నేనొక్క మాట అని ఉంటే, ఆయన తరవాతి బండెక్కి కొడుకు దగ్గరికి వచ్చి, ఆ పిల్లే ఒప్పుకుందని చెప్పేవారు. ఎనిమిదేళ్ళు మిగిలేవి ఇద్దరికీ. వాళ్ళ ఎనిమిదేళ్ళూ నేనే తినేశాను. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. అతని భార్య నన్ను లేపలేదు. లేపకపోవడమే న్యాయం.

సూర్రావు లేచి చొక్కా వేసుకున్నాడు. "పద" అన్నాడు.

తాల్‌బగీచా సందులో మమ్మల్ని చూసి జనం లేచి నిలబడ్డారు. సూర్రావు తండ్రి కాళ్ళ దగ్గర ఆగి, నా వైపు తిరిగి, "ఇక్కడ సెప్పు. అందరూ ఇనేలాగ సెప్పు" అన్నాడు. చెప్పాను. ఒక్క మాట మింగకుండా చెప్పాను. షాపు పెద్దమనుషులు తలలు దించుకున్నారు. మా నాన్న కండువాతో మొహం కప్పుకున్నారు. మాస్టారి భార్య నన్ను ఎగాదిగా చూసింది.

"ఇయ్యేలా సెప్తన్నావమ్మా" అంది. అంతే.

పాడె లేచింది. సూర్రావు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. ఆడవాళ్ళం సందు చివరే ఆగిపోయాం. అతను రెండడుగులు వేసి, పక్కన వస్తున్న పెద్దాయనతో, మాకూ వినపడేంత గట్టిగా, "మా నాయిన నాతో అబద్దం ఆడనేదు" అన్నాడు. పెద్దాయన తల ఊపాడు. నాలుగడుగులు వేసి ఇంకొకరితో అదే అన్నాడు. మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా, ఎవరు పక్కకి వస్తే వాళ్ళతో, ఆ ఒక్క మాటే చెప్పుకుంటూ వెళ్ళాడు.